బొట్టు లేని డ్రిల్లు మిషను

పోయిన నెల మేముండే పెరంబూరు అపార్టుమెంట్లో మాక్ డ్రిల్లు అని ఒకటి పెట్టారు. నిప్పంటుకుంటే జనం మెట్ల మీదుగా దిగి ఎలా బయటపడాలో నేర్పడానికట. ముందు రోజే సెక్రటరీగారు అందరి ఫోన్లకూ కబురు పంపించారు, పొద్దున సైరను మోగుతుంది, ఎవరూ కంగారు పడవద్దు అని. కంగారు పడవద్దని ముందే చెప్పేసి కంగారులో ఎలా నడుచుకోవాలో నేర్పడమేమిటో నాకు బోధపడలేదు. సైరను మోగింది. కాఫీ గ్లాసులు పట్టుకుని కొందరు, ఒకరినొకరు ఫొటోలు తీసుకుంటూ కొందరు తాపీగా దిగి వచ్చారు. ఒక పెద్దమనిషి లిఫ్టులోనే దిగాడు. కింద కార్ల దగ్గర ఎవరో ఈల ఊది వరసలో నిలబడమంటే ఒక్కరూ నిలబడలేదు, సమోసాల బల్ల చుట్టూ మూగారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ మంటలో నేను గమనించుకోలేదు గాని, ఆ ఈల చెవిన పడగానే నా కాళ్ళు వాటంతటవే కాస్త ఎడంగా జరిగాయి, చేతులు రెండూ వెనక్కి పోయి ఒకదాన్నొకటి పట్టుకున్నాయి. పక్క ఫ్లాటావిడ చూసి నవ్వి, "ఏం తాతగారూ, మిలిట్రీలో చేశారా?" అంది. మిలిట్రీ కాదమ్మా, చూలై, అన్నాను. ఆమెకు అర్థం కాలేదు. ఒక్క ముక్కలో చెప్పి అర్థం చేయించే సంగతి కాదది.

మన ఈడువాళ్ళకైతే చెప్పవచ్చు. డ్రిల్లు అనే మాట మన కాలంలో ఎన్ని వేషాలు వేసుకుని ఇళ్ళల్లో తిరిగిందో మీకు తెలుసు. బడిలో డ్రిల్లు క్లాసు, డ్రిల్లు మాస్టారు. బట్టల కొట్లో డ్రిల్లు గుడ్డ. కార్ఖానాలో డ్రిల్లు మిషను. పంటి డాక్టరు దగ్గర కూర్చుంటే దవడ అదిరిపోయేలా మోగేదీ డ్రిల్లే. నీళ్ళకు కటకటలాడిన ఏడు వీధిలోకి లారీ వచ్చి రాత్రీ పగలూ భూమిని తొలుస్తుంటే, ఇల్లాళ్ళు బిందెలు పట్టుకుని నిలబడి చూసిందీ డ్రిల్లే. ఎనిమిదో తరగతితో నా చదువు ఆగిపోయింది; ఆ తరవాత నేను నేర్చుకున్న ఇంగ్లీషంతా మూర్ మార్కెట్టు పాత పుస్తకాల అంగళ్ళలో కొన్న, ముందూ వెనకా పేజీలు ఊడిపోయిన ఒక నిఘంటువు నుంచి వచ్చిందే. అదృష్టం కొద్దీ ఆ మాట ఉన్న పేజీ మిగిలింది. అందులో చూస్తే విత్తనాలు చాలు వెంట చల్లే గొర్రును కూడా అదే మాటతో పిలుస్తారని, ఎక్కడో ఆఫ్రికాలో ఒక కోతికి సైతం ఆ పేరుందని తెలిసి, మా కార్ఖానాలో అందరికీ చదివి వినిపించి నవ్వించాను. పెద్ద చదువులు చదివినవాళ్ళు ఇలాంటివాటికి నవ్వుకుంటారో లేదో నాకు తెలియదు. సొంతంగా చదువుకున్నవాడికి ప్రతి మాటా తన కష్టార్జితమే, ఊరికే దొరికింది ఒక్కటీ ఉండదు.

ఆ మాటకు నా మనసులో మాత్రం ఒకే ముఖం ఉంది. అది మా మేనత్తది.

అత్త పెనిమిటి, అంటే మా మామ, తెలుగు బడిలో డ్రిల్లు మాస్టారు. సన్నగా, నిటారుగా, గోడకు కొట్టిన మేకులా ఉండేవాడు. తెల్ల డ్రిల్లు గుడ్డతో కుట్టించిన ప్యాంటు, అదే గుడ్డ పొట్టి చేతుల చొక్కా, గంజి పెట్టి ఇస్త్రీ చేస్తే ఆ ప్యాంటు ఎవరూ తొడుక్కోకపోయినా దానంతటది నిలబడేదని అత్త ఎగతాళి చేసేది. మెడలో నల్ల తాడుకు ఈల. ఎండలో మమ్మల్ని వరసగా నిలబెట్టి ఆయన లెక్క చెబుతుంటే ఒకటికి చేతులు ముందుకి, రెండుకి పైకి, మూడుకి పక్కలకి, నాలుగుకి కిందికి. ఆ లెక్కలో ఒక సొగసుండేది; మూడుకీ నాలుగుకీ నడుమ కొంచెం ఎక్కువ ఆగేవాడు, మనిషి గాలి పీల్చుకోవాలి గదా అనేవాడు. స్టాండటీజ్ అన్నాడంటే కాళ్ళు ఎడం, చేతులు వెనక్కి, చూపు ఎదురుగా. కదలకుండా నిలబడడం కూడా ఒక పనేరా, అది చేతకానివాడు ఏదీ చెయ్యలేడు అని చెప్పేవాడు. అప్పుడు మాకది శిక్షలా ఉండేది.

వాళ్ళది చూలై పేటలో సందు మీదికి తలుపులున్న పొడుగాటి పాత ఇల్లు. ముందు గది కార్ఖానా, వెనక సంసారం. కార్ఖానా నడిపేవాడు మామ తమ్ముడు, మేము చిన్నమామ అనేవాళ్ళం. పెళ్ళి చేసుకోలేదు, ఇనుమునే కట్టుకున్నాడు. ఒక లేతు, ఒక సానరాయి, ఒక డ్రిల్లు మిషను, అంతే ఆస్తి. ఆ డ్రిల్లు మిషను మామ తన సంపాదనతో తమ్ముడి కోసం కొన్నది. ముదురాకుపచ్చ రంగు, మనిషి ఎత్తు కంబం, పైన బెల్టు తిరిగే చక్రాలు, కుడి పక్కన దించి ఎత్తే పిడి. పెరంబూరులో తయారయ్యే రైలు పెట్టెల బెర్తులకు అడుగున వేసే ఇనప పట్టీలకు రంధ్రాలు పొడిచే పని ఒక కాంట్రాక్టరు ద్వారా వచ్చేది. బడి మానేశాక నేను ఆ కార్ఖానాలోనే చేరాను. లేతు మీద ఒక తమిళ పెద్దాయన ఉండేవాడు, ఆయన దగ్గర పని నేర్చుకుంటూ డ్రిల్లు కూడా నేనే తిప్పేవాడిని.

ఆ కార్ఖానాకు ఒక కట్టుబాటు ఉండేది. అది మిగతా చోట్ల ఉందో లేదో నాకు తెలియదు. ఆయుధపూజ నాడు ఏ మిషనుకు ఎవరు చందనం పూసి బొట్టు పెడతారో ఆ ఏడాదంతా ఆ మిషను వాళ్ళది. వాళ్ళను అడగకుండా ఇంకొకరు దాని మీద చెయ్యి వెయ్యకూడదు. లేతు పెద్దాయన తన లేతుకు తానే పెట్టుకునేవాడు. డ్రిల్లుకు మాత్రం మామ పెట్టేవాడు. ఆయన దాన్ని ఒక్క రోజు తిప్పింది లేదు, అయినా కొన్నవాడు గదా. ఆ రోజు కూడా తెల్ల డ్రిల్లు ప్యాంటే వేసుకుని వచ్చి, మిషను నుదుటన ఇంత బొట్టు పెట్టి, ఆ పళ్ళెం నా చేతికిచ్చి, నా చేత కూడా దాని మీద ఒక చుక్క పెట్టించేవాడు.

డెబ్బైల మొదట్లో మామకు కామెర్లు వచ్చాయి. నాటు మందు వాడారు, ఆకు పసరు వాడారు, ఆసుపత్రికి పోయేసరికి ముదిరిపోయింది. తెల్లబట్టల మనిషి పచ్చగా పండిపోయి పోయాడు.

ఇద్దరు ఆడపిల్లలు, పెద్దది తొమ్మిదో తరగతి, చిన్నది ఆరు. కర్మలు అయ్యాక మా నాయనమ్మ, అంటే అత్తను కన్నతల్లి, పెద్దరికం తీసుకుని ఒక ఏర్పాటు చేసింది. అత్త పిల్లలతో వచ్చి మా ఇంట్లో, అంటే తన అన్న ఇంట్లో ఉంటుంది, వంట చూసుకుంటుంది, పెద్దపిల్ల ఇక బడికి పోనక్కర్లేదు, ఇంట్లో సాయం చేస్తుంది. మా నాన్న చెడ్డవాడు కాదు, పెట్టనన్నవాడు కాదు. మా అమ్మ కూడా ఏమీ అనలేదు. కాని ఆ మాట జరుగుతుండగా మా వంటింటి గుమ్మంలో నిలబడిన అత్త ముఖం చూశాను. ఆ వంటిల్లు ఆమెకు తెలిసిందే, పుట్టి పెరిగిందక్కడే, అయినా కొత్తదాన్ని చూసినట్టు మసి పట్టిన గోడలవైపు చూస్తోంది. అన్నం పెట్టేవాళ్ళ ఇంట్లో బతుకంతా అలికిడి కాకుండా నడవాలి. ఆ నడక తన పిల్లలకు నేర్పడం ఆమెకు ఇష్టం లేదు. సంవత్సరీకం అయ్యేవరకు కదలనని, ఆ ఇంట్లోనే ఉంటానని ఒక వంక చెప్పి అప్పటికి ఆపింది.

కొన్నాళ్ళకు ఒక మధ్యాహ్నం, చిన్నమామ పని మీద బయటికి పోయిన వేళ, వెనక గదిలోంచి వచ్చి డ్రిల్లు పక్కన నిలబడింది. "అబ్బయ్యా, ఇది నాకు నేర్పు" అంది. ఎందుకత్తా అన్నాను. "ఎందుకేందిరా, కూడు తినేదానికి. నేను ఈడనే ఉండాల, నా బిడ్డలు అదే బడికి పోవాల. మీ ఇంటికొస్తే మీ నాయన అన్నం పెడతాడు, అది ఎన్నాళ్ళు తినేది?" అంది. మిషను ఆపి, రంధ్రం పొడిచే బిట్టు ఎలా బిగించాలో చూపించాను.

ఆమె చెయ్యి స్థిరమైనది. కుదరనిది ఒకటే, తొందర. పిడి పట్టుకుని ఒక్క దమ్మున కిందికి దించేసేది; బిట్టు వేడెక్కి ఎర్రబడి పటుక్కున విరిగేది. దించాలి, కొంచెం తొలవగానే ఎత్తాలి, పొట్టు రాలనివ్వాలి, నూనె చుక్క వెయ్యాలి, మళ్ళీ దించాలి. నేను నోటితో ఎంత చెప్పినా ఆమె చేతికి ఎక్కలేదు. ఒక రోజు విసుగొచ్చి పక్కకు పోయి కూర్చున్నాను. వెనకనుంచి మెల్లిగా వినపడింది. ఒకటీ, బిట్టు ఆన్చింది. రెండూ, దించింది. మూడూ, ఎత్తింది. అక్కడ కాస్త ఎక్కువ ఆగింది. నాలుగూ, నూనె వేసింది. అది మామ లెక్క, మామ ఆగే చోటే ఆగడం. బడి మైదానంలో ఎండలో ఆయన మాకు చెప్పిన లెక్క ఇంటి వెనక గదిదాకా వినపడేదో, లేక పెళ్ళయిన కొత్తలో ఆయన ఆమెకు కూడా సరదాకి చేయించాడో, నేను అడగలేదు. ఆనాటి నుంచి ఆ చేతిలో బిట్టు విరగడం నేను చూడలేదు.

ఈ సంగతి చిన్నమామకు ఎన్నాళ్ళో దాగలేదు. ఒక రోజు ముందుగా తిరిగొచ్చి గుమ్మంలో నిలబడిపోయాడు. ఆయనకు వదినంటే గౌరవం, ఇరుగుపొరుగంటే భయం. "వదినా, ఇది మొగోళ్ళ పని వదినా. జుట్టు బెల్టులో పడినా, పైట పడినా మనిషి మిగలదు. గాజులు తగులుకుంటే చెయ్యి పాయె" అన్నాడు. అత్త మిషను ఆపి, బోసి చేతులు రెండూ ఆయన ముందుకు చాపింది. "గాజులు మీరందరూ చేరి తీసేసినారు గదా అబ్బయ్యా, ఇంకేం తగులుకుంటాది?" అంది. చిన్నమామ తల వంచుకున్నాడు. లేతు పెద్దాయన పని చేస్తున్నట్టు నటిస్తూ ఉత్త లేతును తిప్పుతున్నాడు.

పైట సంగతి నిజమే. దానికి ఆమె చేసిన ఉపాయం మా నాయనమ్మను అన్నిటికంటె ఎక్కువ బాధపెట్టింది. పోయినవాళ్ళ బట్టలు చాకలికి ఇచ్చెయ్యడం మా ఇళ్ళల్లో ఆచారం. అత్త ఒక జత దాచుకుంది. ఆ తెల్ల డ్రిల్లు ప్యాంటు, చొక్కా విప్పదీసి, ముక్కలు కలిపి, మెడ నుంచి మోకాళ్ళ దాకా వచ్చే ఒక కోటు కుట్టుకుంది, వెనక ముడులతో. పైట నడుముకు చుట్టి దోపి, పైన ఆ కోటు వేసుకుని, జుట్టు గుడ్డతో కట్టేసి నిలబడితే పట్టుకోవడానికి బెల్టుకు ఒక్క పోగు దొరికేది కాదు. డ్రిల్లు గుడ్డ గట్టిదనం మీకు తెలుసు, నిప్పురవ్వ పడినా చిల్లు పడదు. నాయనమ్మ వచ్చి చూసి, చచ్చినోడి గుడ్డలు ఒంటి మీదేసుకుని ఇనప ముక్కలు తొలిచేదాన్ని నేను కన్లేదే అని గుమ్మంలో కూలబడి ఏడ్చింది. అత్త ఆమెకు మంచినీళ్ళు ఇచ్చి, మళ్ళీ వెళ్ళి పిడి పట్టుకుంది.

పని బాగుంది. కాంట్రాక్టరు మనిషి వచ్చి పట్టీలు తిప్పి చూసి ఏ వంకా పెట్టకుండా పట్టుకుపోయేవాడు. అంతా ఇలాగే సాగిపోతుందనుకున్నాను. ఆయుధపూజ ఒకటుందని మరచిపోయాను.

ఆ ఏడు నాయనమ్మ రెండు రోజుల ముందే చూలైకి వచ్చి కూర్చుంది. ముండమోసిన చెయ్యి మిషనుకు బొట్టు పెట్టకూడదు, ఆ పొద్దు కార్ఖానా గదిలోకి రానేకూడదు అని ఆమె తీర్మానం. ఆ మాట కన్నకూతురిని గురించి అంటున్నానని ఆమెకు తోచలేదు. లోకం ఆమె నోట్లో కూర్చుని మాట్లాడుతోంది. తానూ విధవరాలే. తనకు ఏం జరిగిందో అది కూతురికీ జరగాలి, అదే ధర్మం అని ఆమె నమ్మకం. ఆ నమ్మకం మీద నాకున్న కోపం ఈనాటికీ చల్లారలేదు. బొట్టు ఎవరు పెడితే మిషను వాళ్ళది. అత్త పెట్టలేదంటే మిషను అత్తది కాదు. మిషను కాదంటే ఇక మా వంటిల్లే గతి. అది నాయనమ్మకు కూడా తెలుసు. కూతుర్ని ఇంటికి తెచ్చుకోవడానికి పండగ ఒక దారి చూపించిందనుకుని ఉంటుంది.

పొద్దున్నే గది కడిగాం. మిషన్లను కిరసనాయిలుతో తుడిచి, అరటి పిలకలు కట్టి, బంతిపూల దండలు వేశాం. బొరుగులు, పుట్నాలు, బెల్లం, అరటిపళ్ళు. వీధిలో కొట్టడానికి ఒక బూడిదగుమ్మడికాయ. ఇరుగుపొరుగు పట్టరానంతమంది, కాంట్రాక్టరు మనిషి కూడా వచ్చాడు. అత్తకు వెనక గది తలుపు చాటున నాయనమ్మ ఒక పీట వేయించి, తాను గుమ్మానికి అడ్డంగా కూర్చుంది. చిన్నమామ పూజ చేశాడు. లేతు పెద్దాయన వెళ్ళి తన లేతుకు బొట్టు పెట్టుకుని కళ్ళకద్దుకున్నాడు. సానరాయికి చిన్నమామే పెట్టాడు. ఆ తరవాత కుంకుమ పళ్ళెం పట్టుకుని నావైపు తిరిగాడు.

"రారా అబ్బయ్యా, డ్రిల్లుకు నువ్వు పెట్టు."

నాకు కాలు కదలలేదు. పెద్దవాళ్ళకు ఎదురు చెప్పడం మా పెంపకంలో లేదు, అంతమందిలో అసలే లేదు. ఏం చెయ్యాలో తోచక, అయితే పళ్ళెం అందుకోవడానికి చేతులు మాత్రం చాపకూడదని, రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకున్నాను. కాళ్ళు ఎడంగా పెట్టాను. చూపు ఎదురుగా. మామ నేర్పినట్టు కదలకుండా నిలబడ్డాను.

"ఏమిరా, చెవుడా?" అంది గుమ్మంలోంచి నాయనమ్మ.

చిన్నమామ లేతు పెద్దాయనవైపు చూశాడు. యజమానిని ఆయన ముదలాళీ అని పిలిచేవాడు. "నాది నేను పెట్టుకున్నా గదా ముదలాళీ. దానికి ఆయమ్మ ఉండాది" అని, వచ్చి నా పక్కన నిలబడి, ఆయన కూడా చేతులు వెనక్కి కట్టుకున్నాడు. ఆయన ఏ బడిలోనూ డ్రిల్లు చెయ్యలేదు. నన్ను చూసి చేశాడు.

అప్పుడు తలుపు చాటు నుంచి అత్త లేచింది. ఆ తెల్లకోటు వేసుకునే ఉంది. అంటే ముందే అనుకుని ఉందన్నమాట. చేతిలో నూనె డబ్బా.

"మే, లోపలికి పో మే. శుభం జరిగే చోటు మే ఇది" అని నాయనమ్మ ఆమె కోటు అంచు పట్టుకుంది.

"బొట్టు పెట్టేదానికి రాలేదుమ్మా" అంది అత్త. గొంతు హెచ్చించలేదు. "రేపు విజయదశమి గదా, పొద్దున్నే తిప్పాల. ఒక పూట నూనె లేకుంటే అరుస్తాది అది. పోసేసి పోతా."

నాయనమ్మ చేతిలోంచి కోటు జారిపోయింది. అత్త జనం మధ్యగా నడిచి వచ్చి, మిషను దగ్గర నిలబడి, పైనున్న చక్రం ఇరుసుకు ఒక చుక్క, కిందిదానికి ఒకటి, పిడి కీలుకు ఒకటి, తీరుబడిగా వేసింది. కారిన నూనెను కోటు అంచుతో తుడిచింది. బిడ్డ తలకు నూనె పెట్టినట్టే ఉంది. దండ పక్కకు జరిగితే సర్దింది. తరవాత మరిదివైపు తిరిగింది.

"బొట్టు నువ్వు పెట్టుకో అబ్బయ్యా, మీ అన్న మిషనే గదా. నూనె మాత్రం నేనే పోస్తా, ఏ పొద్దయినా."

చిన్నమామ వేలు కుంకుమలో ముంచాడు. చెయ్యి మిషను నుదురు దాకా ఎత్తాడు. అన్న ప్రతి ఏడూ పెట్టిన చోటు అది. ఆ చెయ్యి అక్కడే ఆగింది. ఆయన పెదవులు కదులుతున్నాయి గాని మంత్రం వినపడలేదు. చివరికి చెయ్యి దించి, వేలికున్న కుంకుమ తన పంచెకే తుడుచుకుని, పళ్ళెం బల్ల మీద పెట్టేశాడు. కర్పూరం వెలిగించి అన్ని మిషన్లకూ చూపినట్టే దానికీ హారతి చూపాడు. గుమ్మడికాయ కొట్టారు. బొరుగులు పంచారు. తీసుకోకుండా వెళ్ళిపోయినవాళ్ళూ ఉన్నారు.

మర్నాడు తెల్లవారి ఆ గదిలో మొదట మోగింది డ్రిల్లు మిషను. ఒకటీ, రెండూ, మూడూ. చిన్నమామ వచ్చి, ఏమీ అనకుండా, పట్టీల కట్ట తెచ్చి ఆమె కాళ్ళ దగ్గర దించి వెళ్ళాడు. నాయనమ్మ ఆ పూటే మా ఇంటికి వెళ్ళిపోయింది, ఒక్కతే.

ఆ ఏడనే కాదు, ఆ తరవాత కూడా ఆ మిషనుకు ఎవరూ బొట్టు పెట్టలేదు. ఎవరూ అలా ఒట్టు పెట్టుకున్నది లేదు, ఆ పళ్ళెం అక్కడిదాకా వచ్చి పక్కకు పోయేది, అంతే. లేతు నుదుట ఏటికేడు కుంకుమ మందంగా పేరుకుపోయింది, సానరాయికీ అంతే. డ్రిల్లు మాత్రం బోసి నుదురుతో, నూనెతో నిగనిగలాడుతూ ఉండేది. అరిష్టమన్నారు. చేటు జరుగుతుందని ఎదురు చూశారు. కరెంటు కోతలు వచ్చాయి, పని సన్నగిల్లిన రోజులు వచ్చాయి, అవి అందరికీ వచ్చినట్టే వచ్చాయి. పిల్లలిద్దరూ అదే బడిలో చదువు పూర్తి చేశారు. పెద్దది రాయపురంలో ఓడల సరుకు పంపే ఆఫీసులో టైపిస్టు అయింది, చిన్నది నర్సయింది. వాళ్ళు ఏ వంటింట్లోనూ అలికిడి కాకుండా నడవలేదు. నడిస్తే సందు చివరిదాకా చెప్పుల చప్పుడు వినపడేది.

నాయనమ్మ కళ్ళకు పొరలు కమ్మాక, చివరి రోజుల్లో కూతురి దగ్గరే ఉంటానని తానే వచ్చింది. వెనక గది గుమ్మంలో, ఆనాడు అడ్డంగా కూర్చున్న చోటే కూర్చునేది. తప్పయిందని ఎప్పుడూ అనలేదు, అత్త ఎదురు చూడనూ లేదు. ఒక రోజు బెల్టు తెగి మిషను ఆగితే మాత్రం, తల ఎత్తి, "ఏందిరా, ఆగిపోయినాదే?" అని కంగారుగా అడిగింది. బెల్టు మారుస్తున్నాం అవ్వా అన్నాను. మళ్ళీ మోగేదాకా ఆమె గుమ్మం పట్టుకునే ఉంది.

ఎనభైల చివర్లో చిన్నమామ పోయాక ఆ ఇల్లు పడగొట్టారు. అత్త అప్పటికి కూతురి దగ్గరికి చేరింది. మిషన్లను పాత ఇనుముకు వేసే బాధ్యత నా మీద పడింది. వచ్చిన వ్యాపారి మూడింటినీ చుట్టి చూసి, డ్రిల్లు దగ్గర ఆగి, "ఏంది సార్, దీనికి మట్టుకు ఒక పూజ కూడా చెయ్యలేదా?" అన్నాడు. అతని మీద నేను కేకలు వేశాను. ఎందుకు వేశానో పాపం అతనికి తెలియదు. తక్కెడలోకి ఎత్తేముందు అందులో నూనె మిగిలి ఉందని, పిడి తిప్పితే ఇంకా మెత్తగా దిగుతోందని నా చేతికి తెలిసింది. అత్త పోయినప్పుడు ఆ తెల్లకోటు చాకలికి ఇవ్వవద్దని చిన్నది పట్టుబట్టి తీసుకుపోయింది.

మొన్న ఆ మాక్ డ్రిల్లయిన వారానికే ఆయుధపూజ వచ్చింది. మా అపార్టుమెంట్లో లిఫ్టుకు, నీళ్ళ మోటారుకు, జనరేటరుకు పూజ. సెక్రటరీగారు ఎవరో ఒకరు కానివ్వండి అన్నట్టు కుంకుమ గిన్నె చేతికి అందినవాళ్ళకు ఇచ్చారు. అందినది మూడో అంతస్తు పెద్దావిడకు. ఆమె భర్త పోయి రెండేళ్ళు కాలేదు. ఆమె గిన్నె అందుకుని, కూతురితో ఫోను మాట్లాడుతూనే, జనరేటరుకు ఒక బొట్టు పెట్టి, వేలు కొంగుకు తుడుచుకుని, మాట్లాడుకుంటూ వెళ్ళిపోయింది. ఒక్కరూ తల తిప్పలేదు. చూసినవాణ్ణి నేనొక్కణ్ణే.

మంచిదే. ఇంతకంటె మంచిది ఏముంటుంది? ఏ గొడవా లేకుండా, ఎవరి కోటు అంచూ ఎవరూ పట్టుకోకుండా అయిపోయింది. సంతోషించవలసినవాణ్ణి, అక్కడే మెట్ల మీద కూర్చుండిపోయాను. ఇంత తేలికయిన పని మా అత్తకు ఎందుకు అందకుండా పోయిందో చెప్పమని ఎవరిని నిలదీయాలి? అడ్డం కూర్చున్న ఆవిడ నాకు గోరుముద్దలు పెట్టి పెంచింది. చెయ్యి ఎత్తి దించినాయన నాకు పని ఇచ్చాడు. అందరూ వెళ్ళిపోయారు, అందరూ నావాళ్ళే. నా కోపం మాత్రం మిగిలింది, దించే చోటు లేక.

అందరూ పైకి వెళ్ళాక జనరేటరు దగ్గరికి పోయి చూశాను. బొట్టు తాజాగా ఎర్రగా ఉంది. తలుపు కీలు మాత్రం తుప్పు పట్టి కిర్రుమంటోంది. ఇంటికి వెళ్ళి నూనె సీసా తెచ్చాను.